అడవి అంచు నుంచి – 17: తుపాకీకి స్టైపెండ్, సుద్దముక్కకు బకాయి



పోడు పట్టాల మీద రాసిన పోయిన భాగం చదివి, బీఎడ్, డీఎడ్ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది ఒక్కటే అడిగారు. "అన్నా, భూమి గురించి రాశావు, బాగుంది. మా స్కాలర్‌షిప్‌ల సంగతి ఎప్పుడు రాస్తావు?" అని. ఇవాళ అదే రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. ఒప్పుకోకపోతే కింద కొట్లాడండి.

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే మన ఊళ్లల్లో ఎట్లుంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కోడి కూయకముందే రోడ్ల మీద పరుగులు మొదలైతయి. ఆ నోటిఫికేషన్‌లో పోస్టు పేరు ఎప్పుడైనా నిదానంగా చదివారా? 'స్టైపెండరీ క్యాడెట్ ట్రైనీ పోలీస్ కానిస్టేబుల్'. పేరులోనే స్టైపెండ్ ఉంది. శిక్షణలో ఉన్న పిల్లవాడు ఇంకా ఒక్క దొంగను పట్టలేదు, ఒక్క కేసు రాయలేదు. అయినా ప్రభుత్వం అతనికి డబ్బులిస్తుంది. రేపు అతను చేయబోయేది ప్రభుత్వ పని కాబట్టి, ఆ పని నేర్చుకునే కాలం కూడా పని కిందే లెక్క. ఇది న్యాయమే. నేను తప్పు పట్టడం లేదు. ఆ వరుసలో మన మాల, మాదిగ పిల్లలున్నారు, కోయ, లంబాడా పిల్లలున్నారు. వాళ్ల ఇంట్లో పొయ్యి వెలగాలి.

నా ప్రశ్న వేరే. లాఠీ పట్టడం నేర్చుకునే పిల్లవాడికి స్టైపెండ్ ఇచ్చే సర్కారు, సుద్దముక్క పట్టడం నేర్చుకునే పిల్లకు ఎందుకు బకాయి పెడుతుంది?

"అన్నా, పోలికే తప్పు. కానిస్టేబుల్‌కు ముందు ఉద్యోగం వస్తుంది, తర్వాత శిక్షణ. బీఎడ్ వాళ్లకు ముందు చదువు, తర్వాత డీఎస్సీ. ఎవరికి ఉద్యోగం వస్తుందో తెలియకుండా జీతం ఎట్లా ఇస్తారు?" అని ఒక మిత్రుడు వాదించాడు. బాగానే అడిగాడు. జవాబు కూడా ఉంది. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చి ఏడాది బీఎడ్‌ను రెండేళ్లు చేసింది. ఆ రెండేళ్లలో 20 వారాలు బడిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. అందులో 16 వారాలు రెండో ఏడాదిలోనే. అంటే దాదాపు నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలు మన పిల్లలు ఏం చేస్తారు? సర్కారు బడికి పోతారు. సార్లు తక్కువున్న బడైతే వీళ్ల చేతికి రెండు క్లాసులు అప్పజెపుతారు. లెక్కలు చెప్తారు, సైన్స్ చెప్తారు, మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లలను వరుసలో నిలబెడతారు. ఇది పని కాదా? ఎంబీబీఎస్ హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఉంది. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌కు 1961 చట్టం ప్రకారం స్టైపెండ్ ఉంది. టీచర్ ఇంటర్న్ మాత్రం బస్సు చార్జీలు తానే పెట్టుకుని పోయి, ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది తిని, సర్కారు బడిలో సర్కారు పిల్లలకు ఊరికే చదువు చెప్పి రావాలి.

మన అడవి అంచున ఈ పోలికకు ఇంకో చరిత్ర కూడా ఉంది. గోదావరి దాటి, చింతూరు దాటితే కోంట. అవతల ఛత్తీస్‌గఢ్. 2005లో అక్కడ సల్వా జుడుం మొదలైంది. ఐదో తరగతి చదివిన ఆదివాసీ పిల్లలకు స్పెషల్ పోలీస్ ఆఫీసర్లని పేరు పెట్టి తుపాకులిచ్చారు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చారు. ఆ డబ్బులో పెద్ద వాటా కేంద్రమే పెట్టింది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగ విరుద్ధమని ఆపేసింది. ఆ తీర్పు చదవండి, ప్రతి విద్యార్థీ చదవాల్సిన తీర్పు. ఐదో తరగతి కోయ పిల్లవాడికి తుపాకీ ఇవ్వడానికి దొరికిన డబ్బు, అదే కోయ పిల్లవాడు డిగ్రీ పూర్తి చేసి టీచర్ కావడానికి వస్తే ఎందుకు దొరకదు? డబ్బు లేక కాదు. ఏ పనికి ముందు ఇవ్వాలి, ఏ పనికి తర్వాత ఇచ్చినా చెల్లుతుంది అన్న లెక్క పాలకుల మనసులో ముందే ఉంది.

ఇప్పుడు అసలు డబ్బు సంగతికి వద్దాం. మనలో చాలామందికి ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఎవరో ముఖ్యమంత్రి దయతలచి ఇచ్చాడనుకుంటారు. కాదు. 1942లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా చేరాడు. చేరిన కొద్ది నెలలకే షెడ్యూల్డ్ కులాల బాధల మీద ఒక మహజరు రాసి వైస్రాయ్ ముందు పెట్టాడు. అందులో ఉన్నత చదువులకు డబ్బు అడిగాడు. దాని ఫలితంగానే 1944లో ఎస్సీలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఆ తర్వాత ఎస్టీలకూ వచ్చింది. అంటే దేశానికి స్వతంత్రం రాకముందే మన స్కాలర్‌షిప్ వచ్చింది. ఇది ఆయన కొట్లాడి రాయించిన హక్కుపత్రం. బిచ్చం కాదు.

టీచర్ శిక్షణకు సర్కారు డబ్బు పెట్టడం కూడా మన నేలకు కొత్త కాదు. కుమ్రం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ పంపింది. ఆయన 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు. బయటి నుంచి సార్లను తెస్తే అడవిలో నిలవరని, భాష రాదని ఆయనకు అర్థమైంది. అందుకని ఊరి పిల్లలనే తీసుకుని, అక్కడే ఉంచి, నేర్పి, తిరిగి ఆ ఊళ్లకే సార్లుగా పంపారు. గోండీలో వాచకాలు చేశారు. రాజుల కాలంలో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో చేతనైన పని ఇది. కంప్యూటర్లు, ఆధార్లు, వేలిముద్రలు ఉన్న కాలంలో చేతకావడం లేదు.

ఇప్పుడు ఎట్లా నడుస్తుందో చూడండి. 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. ఈపాస్ వచ్చింది. రెండు ముక్కలు. ఒకటి ఆర్‌టీఎఫ్, ట్యూషన్ ఫీజు, కాలేజీకి పోయేది. రెండోది ఎంటీఎఫ్, మీ తిండికి, గదికి, పుస్తకాలకు వచ్చేది. మీరు మీసేవకు పోయి కులం, ఆదాయం సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు. ఈపాస్‌లో పెడతారు. వేలిముద్ర వేస్తారు. కాలేజీ వాళ్లు పైకి పంపుతారు. జిల్లా సంక్షేమాధికారి చూస్తాడు. మంజూరైందని వస్తుంది. బిల్లు ట్రెజరీకి పోతుంది. టోకెన్ నంబరు పడుతుంది. ఇక్కడిదాకా బండి నడుస్తుంది. ఆ తర్వాత ఆగుతుంది. టోకెన్ పడుతుంది, పైసలు పడవు. "ఆర్థిక శాఖ నుంచి రిలీజ్ కావాలె" అంటారు. ఎప్పుడంటే ఎవరూ చెప్పరు.

అందరూ ఎంత ఇస్తున్నారన్న దగ్గరే ఆగిపోతారు. ఎంత అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. 2021 తర్వాతి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఎస్సీ విద్యార్థికి నిర్వహణ భత్యం కోర్సును బట్టి, హాస్టలా ఇల్లా అన్నదాన్ని బట్టి ఏడాదికి 2,500 నుంచి 13,500 రూపాయలు. పెద్ద మొత్తమే తీసుకున్నా నెలకు 1,125. చిన్న మొత్తమైతే నెలకు 208. ఖమ్మంలో గది కిరాయికి కూడా చాలదు. ఆ చాలని డబ్బు కూడా కోర్సు అయిపోయాక వస్తే దాన్ని ఏమనాలి? ఆకలైనప్పుడు పెట్టని అన్నం పిండప్రదానం లెక్క. 2016 జనవరి 17న వెళ్లిపోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని లెక్కతో సహా రాసిపోయాడు. మనం ఆ ఉత్తరంలో నక్షత్రాల గురించి మాట్లాడుకుంటాం. ఆ బకాయి గురించి కూడా మాట్లాడాలి.

ఆలస్యం ఎవరిని తొలగిస్తుందో చూడండి. అప్పు పుట్టే ఇంటి పిల్లను ఆలస్యం ఏమీ చేయదు. నాన్న ఫీజు కడతాడు, సర్కారు డబ్బు వచ్చినప్పుడు తీసుకుంటారు. అప్పు పుట్టని ఇంటి పిల్ల మధ్యలోనే ఆగిపోతుంది. రిజర్వేషన్ తీసేయకుండా, స్కాలర్‌షిప్ రద్దు చేయకుండా, ఒక్క కాగితం మీద ఎవరూ సంతకం పెట్టకుండా మన పిల్లలు వరుస నుంచి తప్పుకుంటారు. ఆలస్యానికి జీవో అక్కర్లేదు.

చర్ల వైపు నుంచి ఒక కోయ చెల్లె. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. ఒక ప్రైవేటు కాలేజీలో బీఎడ్ పూర్తి చేసింది. ఒక గురుకుల పోస్టుకు సర్టిఫికెట్ల వెరిఫికేషన్ పిలుపు వచ్చింది. ఒరిజినల్స్ కావాలి. కాలేజీకి పోతే "మీ ఫీజు సర్కారు నుంచి రాలేదు, కట్టి తీసుకుపో" అన్నారు. "సార్, నాకు మంజూరైందని ఈపాస్‌లో చూపిస్తుంది కదా" అంటే "చూపిస్తుంది, మాకు రాలేదు" అన్నారు. ఆమె నాకు ఫోన్ చేసి, "అన్నా, సర్కారుకు నేను అప్పు లేను. సర్కారే కాలేజీకి అప్పున్నది. మరి నా కాగితాలు ఎందుకు తాకట్టు పెట్టుకున్నరు?" అని అడిగింది. ఫీజు చట్టాలన్నీ చదివిన లాయరు కూడా ఇంత సూటిగా అడగలేడు.

నా సంగతీ ఇంతే. నేను బీఎడ్ చేసింది ఏడాది కోర్సు ఉన్న రోజుల్లో. మాది ఊరి చివర వాడ. మా అమ్మ మిర్చి తోటల్లో కాయలు ఏరేది. కోర్సు అయ్యాక నా మెమోలు నేను చదివిన కాలేజీ బీరువాలోనే ఉండిపోయాయి. డబ్బు కడితేనే ఇస్తామన్నారు. అమ్మ వచ్చే సీజన్ కూలీ ముందుగానే అడ్వాన్సు తీసుకుని కట్టింది. మరుసటి ఏడాది సర్కారు ఫీజు కాలేజీ ఖాతాలో పడింది. మా అమ్మ కట్టింది తిరిగి రాలేదు. ఒక్క సీటుకు రెండు ఫీజులు. ఒకటి ఖజానా నుంచి, ఒకటి మిరపకాయ ఘాటుకు మండిన వేళ్ల నుంచి. ఆ సీజనంతా మా అమ్మ పని చేసింది నా కాగితాలు విడిపించుకోవడానికే.

విద్యార్థులు చదివిన ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంతమందికి తెలుసు? మీ కాలేజీ నోటీసు బోర్డు మీద ఎప్పుడైనా చూశారా?

కాలేజీలదీ ఒక వాదన ఉంది. లెక్చరర్లకు జీతాలియ్యాలి, కరెంటు బిల్లు కట్టాలి, సర్కారు ఇయ్యకపోతే మేమెక్కడి నుంచి తేవాలి అంటారు. 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఫీజు బకాయిల కోసం కాలేజీలు మూసి సమ్మె చేశాయి. కొంత డబ్బు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చాక తెరిచాయి. ఆ చర్చల్లో కూర్చున్న ఆర్థిక మంత్రి మన జిల్లా మధిర నుంచి గెలిచిన భట్టి విక్రమార్క. ఎస్సీ రిజర్వుడ్ స్థానం. అందుకే గట్టిగా అడుగుతున్నా. యాజమాన్యాలు తాళం వేస్తే చర్చలకు పిలుపు వస్తుంది. విద్యార్థి దగ్గర తాళం లేదు. ఆ బల్ల దగ్గర మన పిల్లలకు కుర్చీ ఎవరు వేస్తారు?

కేంద్రం కూడా చేతులు దులుపుకోవడానికి లేదు. 2020 డిసెంబర్ దాకా ఎస్సీ పోస్ట్‌మెట్రిక్‌లో చాలా భారం రాష్ట్రాల నెత్తినే ఉండేది. అప్పుడు 60:40 లెక్క పెట్టారు. ఐదేళ్లకు 59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు అన్నారు. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తామన్నారు. వినడానికి బాగుంది. కానీ మెలిక ఉంది. రాష్ట్రం తన 40 ముందు వేస్తేనే కేంద్రం తన 60 వేస్తుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రానికి సాకు దొరుకుతుంది. ఇద్దరి మధ్య బంతి ఎగురుతుంటే కింద నిలబడి మెడ నొప్పి తెచ్చుకునేది మనమే.

ఇక సరిహద్దు. మన ప్రాంతానికి మాత్రమే ఉన్న బాధ ఇది. 2014లో పోలవరం పేరు మీద ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రలో కలిపారు. భద్రాచలం ఊరు తెలంగాణలో మిగిలింది, ఊరి చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రకు పోయాయి. రాముడి గుడి తెలంగాణలో, గుడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. దేవుడికే రెండు రాష్ట్రాలైతే ఎటపాక పిల్లకు ఎన్ని రాష్ట్రాలు? ఆమెకు సంత భద్రాచలం, ఆసుపత్రి భద్రాచలం, బస్సు భద్రాచలం. నడిచిపోయే దూరంలో కాలేజీ. స్కాలర్‌షిప్ అడిగితే మాత్రం లోకల్, నాన్‌లోకల్ పేచీ. కేంద్ర మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. విద్యార్థి ఏ రాష్ట్రంలో చదివినా, ఏ రాష్ట్రానికి చెందితే ఆ రాష్ట్రమే పోస్ట్‌మెట్రిక్ ఇవ్వాలి. భద్రాచలంలో ఒక ఐటీడీఏ ఉంది, చింతూరులో ఒక ఐటీడీఏ ఉంది. ఇద్దరు ప్రాజెక్టు ఆఫీసర్లు ఒక్క పూట కూర్చుంటే తెగే లెక్క ఇది.

ఇంకా లోపలికి పోతే గొత్తికోయల గుంపులు. సల్వా జుడుం మంటల నుంచి పారిపోయి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్లు. వాళ్ల పిల్లలు కొందరు ఇక్కడే బడికి పోయి, ఇక్కడే తెలుగు నేర్చుకుని పెరిగారు. ఎస్టీ జాబితా రాష్ట్రానికి రాష్ట్రం వేరు కాబట్టి సర్టిఫికెట్ అడిగితే "మీరు ఇక్కడోళ్లు కాదు" అంటారు. అదే కోయ భాష, అవే వేల్పులు, అవే పండుగలు. నడుమ ఒక గీత. సర్టిఫికెట్ లేకపోతే ఈపాస్ లేదు. ఈపాస్ లేకపోతే డీఎడ్ లేదు. ఆ గుంపుల బడుల్లో పిల్లల మాట అర్థమయ్యే టీచర్ ఎక్కడి నుంచి వస్తుంది? 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. వాచకాలు వేశారు. వాచకం ఒక్కటే పాఠం చెప్పదు. ఆ భాషలో కలలు కనే మనిషి బడిలో నిలబడాలి.

ఇప్పుడు నేను చెప్పబోయేది కొందరు దళిత మిత్రులకు నచ్చకపోవచ్చు. జీవో 3 గురించి.

1986లో జీవో 275, దాని తర్వాత 2000 జనవరి 10న జీవో 3. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అన్నాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం జీవో 3ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. ఆ రక్షణ పోయాకే 2024లో తెలంగాణలో 11,062 పోస్టులతో డీఎస్సీ వచ్చింది.

జీవో ఉన్నప్పుడు ఏజెన్సీ ఊళ్లల్లో ఉన్న మన మాల, మాదిగ పిల్లలకు ఇబ్బంది ఉండేది. నిజం. తాతల కాలం నుంచి అక్కడే ఉన్నా గిరిజనేతరులే. 1/70 ఉంది కాబట్టి భూమి కొనలేరు, జీవో 3 ఉంది కాబట్టి టీచర్ పోస్టు రాదు. ఆ బాధ నాకు తెలుసు. కానీ ఆలోచించండి. మైదానంలో, ఖమ్మంలో, మధిరలో, సత్తుపల్లిలో మన 15 శాతం మనకుంది. ఆదివాసీకి అడవి ఒక్కటే ఉంది. జీవో పోయాక లాభపడిందెవరు? కోచింగ్ సెంటర్లో ఏళ్ల తరబడి కూర్చోగలిగిన బయటి పిల్లలు. వాళ్లు పోస్టు తీసుకుని, బదిలీ కోసం ఎదురుచూస్తూ, వారానికి రెండు రోజులు వచ్చే బడులను మనం చూడలేదా? ఏజెన్సీ దళితుడి వాటా అడగాల్సింది ప్రభుత్వాన్ని, పక్క గుడిసె కోయ అన్నను కాదు. పేదోడి పళ్లెంలోంచి ముద్ద తీసి ఇంకో పేదోడికి పెట్టి న్యాయం చేశామనడం పాత విద్య. ఆ ఆటలో మనం పావులు కావద్దు.

ఇంకో విచిత్రం చూడండి. ఏప్రిల్‌లో జీవో 3 పోయింది. అదే 2020 జూలై 29న కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది. ఆ విధానంతో నాకు వంద తగాదాలున్నాయి. కానీ టీచర్ల అధ్యాయంలో ఒక మాట రాసుకున్నారు. గ్రామీణ ప్రాంతాల పిల్లలకు బీఎడ్ చదవడానికి ప్రత్యేక స్కాలర్‌షిప్‌లు పెడతామని, చదువు అయ్యాక వాళ్ల ప్రాంతంలోనే ఉద్యోగంలో ప్రాధాన్యం ఇస్తామని. మూడు నెలల కింద కోర్టు కూల్చిన ఇంటి పునాది రాళ్లే ఇవి. స్కాలర్‌షిప్, స్థానిక ఉద్యోగం ఒకే తాడుకు రెండు కొసలు. కాబట్టి ఢిల్లీ వాళ్లు రాసుకున్న మాటనే వాళ్ల ముందు పెడదాం. భద్రాచలం ఏజెన్సీలో ఎంతమందికి ఆ స్కాలర్‌షిప్ ఇచ్చారు? ఎంతమందికి సొంత మండలంలో పోస్టు ఇచ్చారు? ఇదే సర్కారు ఏకలవ్య గురుకులాలకు ఢిల్లీ నుంచి పరీక్ష పెట్టి, టీచర్‌కు హిందీ రావాలంది. కోయ రావాలని మాత్రం అనలేదు.

"బీఎడ్ కాలేజీలన్నీ దుకాణాలే కదా, అటెండెన్స్ కొనుక్కునే కోర్సుకు ఇంకా డబ్బులెందుకు" అనేవాళ్లకు ఒక మాట. దుకాణాలున్నాయి, కాదనను. 2012లో జస్టిస్ వర్మ కమిషన్ కూడా ఇదే చెప్పింది. దేశంలో టీచర్ శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రైవేటు చేతుల్లోనే ఉన్నాయని తేల్చింది. కానీ ఆ దుకాణానికి గిరాకీ ఎట్లా వచ్చింది? ఇంటి దగ్గర ఉండి కూలీ చేసుకుంటే తప్ప బతకలేని పిల్ల కాలేజీకి రోజూ రాలేదు. ఆ రాలేకపోవడాన్నే కాలేజీ అమ్ముకుంటుంది. నెలనెలా స్టైపెండ్ పడితే ఆ పిల్ల తునికాకు సీజన్లో కూడా తరగతిలోనే ఉంటుంది. దుకాణం మూయించే మొదటి తాళం స్టైపెండే. రెండోది సర్కారు సీట్లు. భద్రాచలంలో గిరిజన సంక్షేమ శాఖ బీఎడ్ కాలేజీ ఉంది, ఖమ్మంలో డైట్ ఉంది. వాటిలో సీట్లు పెంచి, లెక్చరర్లను పెట్టి, పక్కనే హాస్టల్ కడితే ప్రైవేటుకు పోసే ఫీజులో ఎంతో మిగులుతుంది.

కాబట్టి మన డిమాండ్లు నాలుగు మాటల్లో:

ఒకటి. సర్కారు బడిలో ఇంటర్న్‌షిప్ చేసే ప్రతి బీఎడ్, డీఎడ్ విద్యార్థికి ఆ నెలలకు స్టైపెండ్ ఇవ్వాలి. పని చేయించుకున్నప్పుడు కూలీ ఇవ్వడం ధర్మం. ఇందులో కులం అడగక్కర్లేదు, అందరికీ ఇవ్వండి.

రెండు. ఎంటీఎఫ్ ఉద్యోగుల జీతం లాగా నెలనెలా పడాలి. మంజూరైన విద్యార్థి ఫీజు సర్కారు బాధ్యత అని కాలేజీకి సర్కారే రాసివ్వాలి. కాగితాలు ఆపిన కాలేజీ మీద కలెక్టర్ చర్య తీసుకోవాలి.

మూడు. భద్రాచలం, చింతూరు ఐటీడీఏలు కలిసి సరిహద్దు విద్యార్థులకు ఒకే కిటికీ పెట్టాలి. గొత్తికోయ పిల్లలకు సర్టిఫికెట్ తేలేదాకా చదువు ఆగకుండా ఐటీడీఏ నిధుల నుంచి సాయం ఇవ్వాలి.

నాలుగు. ఏజెన్సీ టీచర్ పోస్టులకు కోర్టు ముందు నిలబడే చట్టం తేవాలి. ఐదో షెడ్యూల్ ఉన్నది అందుకే. ఏజెన్సీలో ఉన్న దళిత పిల్లలకు జరిగే నష్టానికి జిల్లాలోని మైదాన పోస్టుల్లో లెక్క చూపాలి.

మీరు చేయాల్సింది కూడా ఉంది. కోపం పోస్టుల్లో పెట్టి పడుకుంటే సరిపోదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, పది రూపాయల ఫీజు. మీ జిల్లా సంక్షేమ కార్యాలయానికి ఒక దరఖాస్తు రాయండి. ఈ రెండు విద్యా సంవత్సరాల్లో బీఎడ్, డీఎడ్ విద్యార్థులు ఎందరు దరఖాస్తు పెట్టారు, ఎందరికి మంజూరైంది, ఎన్ని టోకెన్లు ట్రెజరీలో ఆగాయి, ఎన్ని రోజుల నుంచి ఆగాయి అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు పోండి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో బాధ ఉంది. అన్నీ కలిపి అంకె చేస్తే అప్పుడు అది రాజకీయం అవుతుంది. కాలేజీ సర్టిఫికెట్ ఆపితే నోటితో బతిమాలకండి, కాగితం మీద రాసివ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఒంటరిగా పోకండి, పదిమంది కలిసి పోండి.

ఈ దేశంలో సావిత్రిబాయి బడికి పోతుంటే పేడ కొట్టినవాళ్లున్నారు. ఆమె ఇంకో చీర వెంట తీసుకుపోయి పాఠం చెప్పింది. ఇప్పుడు పేడ కొట్టరు. టోకెన్ ఇచ్చి కూర్చోబెడతారు. కూర్చోవడమా, లేవడమా అన్నది మన చేతిలో ఉంది.

వచ్చే భాగంలో ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల సీఆర్‌టీల జీతాల గురించి రాస్తాను. మీ దగ్గర వివరాలుంటే ఇన్‌బాక్స్‌లో పంపండి. పేర్లు బయటపెట్టను.

జై భీమ్. జై ఆదివాసీ.